చప్పట్లు కొట్టని మనిషి

డెబ్బైల నడిమిన లాస్ ఏంజెలెస్‌లో పెద్ద రాక్ కచేరీ జరిగితే ఒక యువకుడు చక్రాల కుర్చీలో వచ్చేవాడు. స్నేహితులు తోసుకొచ్చేవాళ్లు. గేటు దగ్గర కాపలావాళ్లు అయ్యో పాపమని దారిచ్చేవాళ్లు. కుర్రాడి కాళ్లకు ఏ లోపమూ లేదు. అసలు సంగతంతా కుర్చీ కింద ఉంది: నాకమిచి 550 అనే బరువైన క్యాసెట్ డెక్కు, దానికి తగిలించే ఏకేజీ స్టూడియో మైకులు. అతని పేరు మైక్ మిలార్డ్. తోటివాళ్లు ముద్దుగా ‘మైక్ ద మైక్’ అన్నారు. 1977 జూన్ 21 రాత్రి, ఇంగిల్‌వుడ్‌లోని ఫోరంలో బ్రిటిష్ బృందం లెడ్ జెపెలిన్ వాయించింది. అతను పట్టిన ఆ కచేరీ టేపు గురించి చెప్పుకున్నంతగా, ప్రేక్షకుల్లో కూర్చుని చేసిన మరే రాక్ రికార్డింగు గురించీ జనం చెప్పుకోలేదేమో. తర్వాత ఎవరో దాన్ని రికార్డులుగా కొట్టి ‘లిసన్ టు దిస్, ఎడ్డీ’ అని పేరు పెట్టారు. ఆ ఎడ్డీ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ అనీ, లెడ్ జెపెలిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్ వాయించే తీరును తక్కువ చేసి మాట్లాడినందుకు ఇది జవాబనీ అంటారు. నిజమో కాదో గాని, కథ రుచిగా ఉంది కనుక నిలిచిపోయింది.

అందరూ చక్రాల కుర్చీ దగ్గరే ఆగిపోతారు. నా ఆలోచన మాత్రం ఎప్పుడూ ఆ తర్వాతి మూడు గంటల మీదికి పోతుంది. ఆ మూడు గంటలూ అతను ఎలా కూర్చున్నాడు?

దీపాలు ఆరిపోతాయి. వేలమంది ఒక్కసారి లేచి అరుస్తారు. ‘ది సాంగ్ రిమెయిన్స్ ద సేమ్’ మొదలవుతుంది. జాన్ బోనమ్ డ్రమ్ముల మీద పడతాడు. ఆ దెబ్బకు ఎంత పెద్దమనిషైనా పక్కవాడి భుజం పట్టుకుని ఊపేస్తాడు. ఈ కుర్రాడు మాత్రం ఊపకూడదు. ఈల వేయకూడదు. చప్పట్లు కొట్టకూడదు. “అబ్బ, విన్నావా?” అని పక్కవాడితో అనకూడదు. మైకు అతని ఒంటి దగ్గరే ఉంది, అతను ఏమన్నా మొదట వినేది అదే. పైగా ఒక కన్ను శబ్దం స్థాయి చూపించే ముల్లు మీద ఉండాలి. క్యాసెట్టు ఒక వైపు ఎప్పుడు అయిపోతుందో మనసులో లెక్క నడుస్తూ ఉండాలి. పాటకూ పాటకూ మధ్య గాయకుడు రాబర్ట్ ప్లాంట్ మాట్లాడే సందు చూసి, చీకట్లో చేతి తడుముళ్లతో టేపు తిప్పాలి. పాట మధ్యలో టేపు అయిపోతే ఆ ముక్క శాశ్వతంగా పోయినట్టే.

కచేరీకి వెళ్లి కచేరీని వదులుకోవడమంటే ఇదే. ఆ హాల్లో ఉన్న ప్రతివాడి గొంతూ ఎంతోకొంత టేపులోకి ఎక్కింది. ఎక్కనిది టేపు చేసినవాడి గొంతొక్కటే. ఇన్నేళ్లుగా మనం వింటున్నది అతని చెవుల్ని, అతని మౌనాన్ని.

మిలార్డ్ ఆ టేపుల్ని అమ్ముకోలేదు. నమ్మినవాళ్లకు కాపీలు ఇచ్చేటప్పుడు కూడా గుర్తులు పెట్టేవాడట, ఎక్కడైనా రికార్డుగా బయటపడితే ఏ కాపీ జారిందో తెలియాలని. ఎంత జాగ్రత్త పడినా జారనే జారాయి. అతను 1994లో చనిపోయాడు. మాస్టర్ టేపులు అతనితోనే పోయాయన్న మాట అభిమానుల్లో చాలా ఏళ్లు నడిచింది. అది తప్పని తేలడానికి చాలాకాలం పట్టింది. ఆ టేపులు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే జనం కొత్త ఆల్బమ్ విడుదలైనట్టు ఎదురుచూశారు.

ఈ వ్యవహారం అతనితో మొదలైంది కాదు. 1969లో లాస్ ఏంజెలెస్‌లోనే బాబ్ డిలన్ బయటపెట్టని పాటల్ని ఎవరో ‘గ్రేట్ వైట్ వండర్’ పేరుతో అనధికారంగా రికార్డు వేశారు. రాక్ సంగీతంలో బూట్‌లెగ్‌లకు అదే మొదలంటారు. ఏ హంగూ లేని తెల్లటి అట్ట, లోపల ప్లేట్లు, అంతే సరంజామా. మరుసటి ఏడు, 1970 సెప్టెంబర్ 4న, ఫోరంలో లెడ్ జెపెలిన్ కచేరీ జరిగింది. ఆ రాత్రి కొందరు ఒకరికి తెలియకుండా ఒకరు వేర్వేరు చోట్ల కూర్చుని టేపు చేశారు. చివర్లో ఆ బృందం సరదాగా ఫ్యాట్స్ డొమినో పాడి ప్రసిద్ధం చేసిన ‘బ్లూబెర్రీ హిల్’ ఎత్తుకుంది. దాంతో ఆ బూట్‌లెగ్‌కు ‘లైవ్ ఆన్ బ్లూబెర్రీ హిల్’ అన్న పేరు వచ్చింది. రెండు ప్లేట్ల ఈ రికార్డును వేసిన సంస్థల్లో ఒకటి తన పేరు ‘ట్రేడ్‌మార్క్ ఆఫ్ క్వాలిటీ’ అని పెట్టుకుంది. గుర్తుగా ఒక పంది బొమ్మ. దొంగసరుకు అమ్మేవాడికి హాస్యం లేకపోతే వ్యాపారం సాగదు కాబోలు.

అప్పట్లో అమెరికాలో దీన్ని దొంగతనమని గట్టిగా అనడానికి కూడా చట్టం పూర్తిగా సాయం చేయలేదు. పాట రాసినవాడికి హక్కు ఉంది. ఆ పాట మోగిన శబ్దానికి, అంటే సౌండ్ రికార్డింగుకు, ఫెడరల్ కాపీరైట్ 1972 ఫిబ్రవరి 15 నుంచే మొదలైంది. మన దేశంలోనైతే వేదిక మీద పాడేవాడికీ వాయించేవాడికీ ‘ప్రదర్శకుల హక్కు’ అంటూ ఒకటి 1994 సవరణతో గాని చట్టంలోకి ఎక్కలేదు.

చట్టం నిద్రపోతుంటే ఆ డ్యూటీ పీటర్ గ్రాంట్ చేశాడు. లెడ్ జెపెలిన్ మేనేజరు. ఒకప్పుడు కుస్తీలు పట్టినవాడు, క్లబ్బుల గుమ్మాల దగ్గర కాపలా కాసినవాడు. భారీ మనిషి. గదిలోకి వస్తే వెలుతురు తగ్గేదని అతని ఫొటోలు చూసినా అర్థమవుతుంది. 1970లో ఇంగ్లండులోని బాత్ సంగీత ఉత్సవంలో వేదిక కింద ఎవరో రికార్డింగు సామాను పెట్టారని తెలిసి తనే వెళ్లి దాన్ని పనికిరాకుండా చేశాడు. లండన్‌లో బూట్‌లెగ్‌లు అమ్మే దుకాణాలకు కూడా స్వయంగా విచ్చేసేవాడు. ఆ తర్వాత ఆ దుకాణాల్లో సరుకు మారిపోయేది. 1971లో వాంకూవర్‌లో జరిగింది మాత్రం సినిమాకు తీసుకోదగిన సన్నివేశం. జనం మధ్య ఎవరో మైకు పెట్టి, యంత్రాలు పేర్చుకుని కూర్చున్నారు. గ్రాంట్ చూశాడు. ఇంకేముంది, పగలగొట్టించాడు. తీరా చూస్తే వాళ్లు దొంగ రికార్డింగువాళ్లు కారు. కచేరీ మోత ఊరి చెవులకు ఎంత హాని చేస్తోందో కొలవడానికి వచ్చిన శబ్దకాలుష్య విభాగం అధికారులు!

నవ్వు సంగతి అలా ఉంచితే, అతని కోపంలో న్యాయం ఉంది. తన వాళ్లు రాత్రీ పగలూ ఒళ్లు హూనం చేసుకుని వాయిస్తుంటే, ఎవడో దాన్ని రద్దీలో పట్టి, నాసిరకం ప్లేటు మీద వేసి, అసలు ఆల్బమ్ కన్నా ఎక్కువ ధరకు అమ్ముకుంటే ఊరుకునే మేనేజరు మేనేజరే కాదు. కానీ గ్రాంట్ పగలగొట్టిన యంత్రాల్లో ఏముండేదో తలచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. రెండు మాటలూ నిజమే. ఒకదానితో ఒకటి రాజీ పడవు.

ఈ బృందం టేపుల కోసమే జనం ఇంతగా ఎందుకు వెర్రెత్తిపోయారన్నది వేరే ప్రశ్న. జవాబు వాళ్ల వాయిద్యంలోనే ఉంది. మొదటి ఆల్బమ్‌లో ‘డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్’ ఆరున్నర నిమిషాల పాట. వేదిక మీద అది ఒక్కోసారి అరగంట దాటేది. మధ్యలో పేజ్ వయొలిన్ కమాను తీసి గిటారు తీగల మీద లాగేవాడు. ఆ భాగం ఎటు పోతుందో, ఎప్పుడు తిరిగొస్తుందో తోటివాళ్లకూ తెలియదు. జాన్ పాల్ జోన్స్ బేస్ గిటారుతో వెంట నడుస్తూ దారి కనిపెట్టాలి. ‘హోల్ లాటా లవ్’ మొదలుపెట్టి మధ్యలో ఎల్విస్ పాటలూ పాత బ్లూస్ పాటలూ అందుకుని, మళ్లీ ఎప్పుడో మొదటి పాటకు వచ్చేవాళ్లు. ‘మోబీ డిక్’లో మిగతా ముగ్గురూ పక్కకి తప్పుకుంటే బోనమ్ ఒక్కడే, ఒక్కోసారి పుల్లలు పారేసి ఒట్టి చేతులతో, పది నిమిషాల నుంచి అరగంట దాకా వాయించేవాడు. సోమవారం విన్నది మంగళవారం ఉండదు. ఆల్బమ్‌లో ఉన్న పాట వాళ్లకు బయలుదేరే చోటు మాత్రమే.

తెలుగువాళ్లకు దీన్ని అర్థం చేయించడానికి పెద్ద కష్టపడక్కర్లేదు. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం ఎత్తుకుంటే పుస్తకంలో ఉన్నది నాలుగు పాదాలే. పీసపాటి నరసింహమూర్తి పాడినా, షణ్ముఖి ఆంజనేయరాజు పాడినా, ఆ నాలుగు పాదాల చివర రాగం ఎంత దూరం పోతుందన్నది ఆ రాత్రిని బట్టి, గొంతును బట్టి, ముఖ్యంగా ముందు వరసల్లోంచి లేచే ‘వన్స్ మోర్’ను బట్టి ఉండేది. రెండోసారి పాడిన పద్యం మొదటిసారిది కాదు. టేప్ రికార్డర్లు ఊళ్లకు వచ్చాక నాటకాల్ని, హరికథల్ని, కచేరీల్ని ఇష్టపడి పట్టుకున్నవాళ్లు మనలోనూ ఉన్నారు. ఆ క్యాసెట్లలో పద్యంతో పాటు ఆ వన్స్ మోర్ కూడా ఉంటుంది. దాన్ని తీసేసి పద్యం మాత్రం శుభ్రంగా వినిపిస్తామంటే, రసికుడైనవాడు దణ్ణం పెట్టి వెళ్లిపోతాడు.

కంపెనీలు వేసే ‘లైవ్’ ఆల్బమ్ సరిగ్గా ఆ పనే చేస్తుంది. లెడ్ జెపెలిన్ కలిసి ఉన్న రోజుల్లో అధికారికంగా వచ్చిన లైవ్ ఆల్బమ్ ఒక్కటే, 1976 నాటి ‘ది సాంగ్ రిమెయిన్స్ ద సేమ్’. అదే పేరుతో సినిమా కూడా వచ్చింది. 1973 జూలైలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మూడు రాత్రులు పట్టిన సరుకు అది. సినిమాకు కావలసిన కొన్ని షాట్లు దొరక్కపోవడంతో మరుసటి ఏడు ఇంగ్లండులోని షెపర్టన్ స్టూడియోలో అదే వేదికలా సెట్టు వేసి మళ్లీ నటించారు. ఆ లోపల జాన్ పాల్ జోన్స్ జుట్టు కత్తిరించుకున్నాడు. విగ్గు పెట్టి నిలబెట్టారు. చూస్తూ ఉంటే ఎక్కడ అతని సొంత జుట్టో ఎక్కడ విగ్గో పట్టుకోవచ్చు, అదో కాలక్షేపం. 2003లో వచ్చిన ‘హౌ ద వెస్ట్ వాజ్ వన్’ ఎంతో మెరుగైనది, అద్భుతమైనది కూడా. అదీ 1972 జూన్ 25న ఫోరంలో, 27న లాంగ్ బీచ్‌లో పట్టిన రెండు కచేరీల్ని పేజ్ కోసి కలిపి కుట్టినదే.

కుట్టడం నేరమని అనడం లేదు. వాయించినవాడికి తన పని చక్కగా కనిపించాలని ఉండటం సహజం. కానీ అక్కడ వినేవాడు ఎక్కడ కూర్చున్నట్టు? గిటారు ఎడమ చెవి పక్కన, డ్రమ్ములు నడినెత్తిన, గాయకుడు ముక్కుకు ఎదురుగా. జనం ఎక్కడో దూరంగా, పాట అయిపోయాక అడిగినప్పుడు మాత్రం చప్పట్లు కొట్టే బుద్ధిమంతులు. అలాంటి కుర్చీ ఏ హాల్లోనూ లేదు. అలాంటి రాత్రి ఏ క్యాలెండర్‌లోనూ లేదు. ప్రేక్షకుడు పట్టిన టేపుకు మాత్రం చిరునామా ఉంటుంది. ఫలానా హాలు, ఫలానా తేదీ, వేదికకు ఇంత దూరం, కొంచెం కుడి పక్కకి. గోడకు తగిలి తిరిగొచ్చే మోతలో హాలు ఎంత పెద్దదో తెలుస్తుంది. 1977 పర్యటన టేపుల్లో టపాసులు పేలుతుంటాయి. జనంలోంచి విసిరేవాళ్లు. ప్లాంట్ పాట ఆపి, అలా చేయొద్దని బతిమాలుతుంటాడు. ఎవడో మంచినీళ్లడుగుతున్నట్టు తాపీగా, మెత్తటి పాట మధ్యలో, తనకు కావలసిన ఇంకో పాట పేరు అరుస్తాడు. అతని మీద నాకు ఏళ్ల తరబడి కోపం ఉండేది. ఇప్పుడు అతను లేకపోతే ఆ పాట బోసిగా ఉంటుంది.

అలాగని చెడ్డ శబ్దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించడం నాకు నచ్చదు. కొందరు అభిమానులు ఆ గోలలోనే గొప్పదనం ఉందన్నట్టు మాట్లాడతారు. చాలా టేపులు నిజంగా వినలేం. పరుపు కింద మైకు పెట్టినట్టు ఉంటాయి. ఒక క్యాసెట్టు నుంచి ఇంకో క్యాసెట్టుకు ఎక్కించిన ప్రతిసారీ బుస పెరిగి, తాళాల మిలమిల తగ్గిపోతుంది. అందుకే ఈ లోకంలో వంశవృక్షం ముఖ్యం: ఇది మాస్టరా, మొదటి జనరేషనా, ఐదోదా? ఇంకో తమాషా ఉంది. రికార్డు చేసేటప్పుడు బ్యాటరీలు నీరసించి టేపు నెమ్మదిగా నడిస్తే, తర్వాత మామూలు వేగంతో వేసినప్పుడు పాట పరుగెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. అసలే పై స్థాయిలో పాడే ప్లాంట్ ఉడతలా కీచుమంటాడు. దాన్ని సరిచేయడానికి కొందరు ఏళ్లు గడిపారు. గిటారు శ్రుతి ఎంత ఉండాలో తెలుసు కనుక, దానికి సరిపోయేదాకా వేగాన్ని వెంట్రుకవాసి సవరిస్తూ పోతారు. ఒక టేపు తిప్పుతుండగా పోయిన ముక్కను, అదే రాత్రి హాల్లో ఇంకో మూల కూర్చున్నవాడి టేపు నుంచి తెచ్చి అతుకుతారు. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు మనుషులు ఒక పాట మధ్యలో అలా కలుస్తారు. కంపెనీ కుట్టడానికీ దీనికీ తేడా ఏమిటని అడిగితే, ఇక్కడ రాత్రి ఒక్కటే.

మన దేశంతో ఈ కథకు ఒక చిన్న ముడి ఉంది. 1972లో పేజ్, ప్లాంట్ బొంబాయి వచ్చారు. అక్కడి స్టూడియోలో భారతీయ వాద్యకారులతో కలిసి తమ పాటలు రెండు, ‘ఫ్రెండ్స్’, ‘ఫోర్ స్టిక్స్’, మళ్లీ రికార్డు చేశారు. తబలా, సారంగి, వయొలిన్లు. కంపెనీ వాటిని 2015లో ‘కోడా’ ఆల్బమ్ కొత్త ప్రతితో పాటు విడుదల చేసింది. నలభై ఏళ్లకు పైగా పట్టిందన్నమాట. ఈలోగా అభిమానులు ఊరుకున్నారా? బూట్‌లెగ్‌లలో ఆ పాటలు ఎప్పుడో చెవిన పడ్డాయి. వాయించిన మన వాద్యకారులకు గుర్తింపు ఏదైనా ఆ ఏళ్లన్నిటిలో దక్కిందంటే అది ఆ దొంగ టేపుల పుణ్యమే. ఆ 1972లోనే బొంబాయి కొలాబాలోని స్లిప్ డిస్క్ అనే చిన్న క్లబ్బులో వాళ్లిద్దరూ వేదికెక్కి, దొరికిన వాద్యాలతో స్థానికులతో కలిసి కాసేపు వాయించారు. ఆ రాత్రి టేపు నేను విన్నది లేదు. ఫోరంలో ఉన్నట్టు కొలాబాలో కూడా ఒక చక్రాల కుర్చీ ఉంటే బాగుండేదని అనుకోకుండా ఉండలేను.

1977 టేపుల్లో నన్ను పట్టి ఆపేది ఇంకొకటి. ఆ జూన్‌లో ఫోరంలో ఆరు రాత్రులు జరిగిన కచేరీల్లో వాళ్లు జోరు మీదున్నారు. 23వ తేదీ ‘ద హూ’ బృందం డ్రమ్మరు కీత్ మూన్ పిలవకుండానే వచ్చినట్టు వేదికెక్కి బోనమ్‌తో అల్లరి చేశాడు. అది కూడా మిలార్డ్ టేపులోకి ఎక్కింది. నెల తిరిగేసరికి, జూలై 24న ఓక్లాండులో వాయించారు. రెండు రోజులకు ప్లాంట్ చిన్న కొడుకు జబ్బు చేసి చనిపోయాడు. పర్యటన ఆగిపోయింది. ఆ నలుగురూ కలిసి మళ్లీ అమెరికాలో వాయించలేదు. మరుసటి ఏడు కీత్ మూన్ పోయాడు. 1980 జూలై 7న బెర్లిన్‌లో వాయించిందే ఆ నలుగురి చివరి కచేరీ. సెప్టెంబర్ 25న బోనమ్ పోయాడు, 32 ఏళ్లకు.

ఇదంతా మనకు తెలుసు. జూన్ 23 టేపుకు తెలియదు. పుస్తకాలూ డాక్యుమెంటరీలూ జరిగిపోయినదంతా తెలిసి మాట్లాడతాయి. ఆ రాత్రి నవ్వులోకి కూడా ముందే విషాదం కలిపి వడ్డిస్తాయి. టేపులో మాత్రం మూన్ మైకు దొరకపుచ్చుకుని అదే పనిగా మాట్లాడుతూ ఉంటాడు, జనం నవ్వుతూ ఉంటారు, పక్కన బోనమ్ ఉంటాడు. అంత నిశ్చింతగా ఉన్న చరిత్ర ఇంకెక్కడా నాకు దొరకలేదు.

మళ్లీ న్యాయాన్యాయాల దగ్గరికి వస్తే, 2007 జూలైలో జిమ్మీ పేజ్ గ్లాస్గో కోర్టులో సాక్షిగా నిలబడ్డాడు. బూట్‌లెగ్ సీడీలు అమ్మిన ఒకతని మీద కేసు. అభిమానులు తమలో తాము సంగీతం ఇచ్చిపుచ్చుకోవడంలో తప్పు లేదనీ, దాన్ని పెట్టెలో పెట్టి, లోపల ఏముందో తెలియని సరుకుగా అమ్మడం చట్టప్రకారమూ నీతిప్రకారమూ తప్పనీ పేజ్ చెప్పాడు. కొన్నింట్లో గరగర తప్ప సంగీతమే వినపడదని కూడా అన్నాడు. అంటే ఆయన విన్నాడన్నమాట! గ్రాంట్ కన్నా పేజ్ గీసిన గీత నాకు సరిగ్గా తోస్తుంది. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం ఇంకా ముందుకు పోయి, 1984 నుంచి టేపు చేసేవాళ్లకు హాల్లో ప్రత్యేకంగా చోటే కేటాయించింది. కానీ ఆ గీత కాగితం మీద ఉన్నంత తేటగా బజారులో ఉండదు. మిలార్డ్ అమ్మలేదు. అతని టేపును అమ్మినవాళ్లు లేకపోతే నాబోటివాడికి అది చేరేదీ కాదు. డబ్బు కోసం చేసిన తప్పుడు పని వల్లే ఒక నిస్వార్థమైన పని బతికింది. దీన్ని ఎటు తిప్పి చూసినా నాకు సర్దుబాటు కాదు.

అదే 2007 డిసెంబర్ 10న లండన్ ఓటూ అరీనాలో మిగిలిన ముగ్గురూ, బోనమ్ కొడుకు జేసన్‌తో కలిసి ఒక్క రాత్రికి మళ్లీ వాయించారు. టికెట్ల కోసం రెండు కోట్ల దరఖాస్తులు వచ్చాయని గిన్నిస్ పుస్తకం లెక్క. తెల్లారేసరికి ఫోన్లలో తీసిన ముక్కలు ప్రపంచమంతా తిరిగాయి. అధికారిక చిత్రం ‘సెలబ్రేషన్ డే’ రావడానికి 2012 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఐదేళ్లూ ఫోన్లే దిక్కు. కాపలావాళ్లను ఏమార్చాల్సిన పని లేదు, చక్రాల కుర్చీ అక్కర్లేదు. ఎత్తిన ప్రతి చెయ్యీ రికార్డింగు యంత్రమే. కానీ ఆ ముక్కలు వింటే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: తీస్తున్నవాడే అందరికన్నా గట్టిగా అరుస్తుంటాడు, పాడుతుంటాడు, నేనూ ఉన్నానని చెబుతుంటాడు. అందులో తప్పేమీ లేదు, టికెట్టు కొన్నవాడి ఆనందం అతనిది. అయితే మనకు వినిపించేది అతను. మూడు గంటలు నోరు కుట్టుకుని ఇంకెవరి కోసమో కూర్చునే ఆ పాత జాతి పూర్తిగా పోలేదు గాని, తగ్గిపోయింది.

అలాంటివాడికి ఆలస్యంగానైనా ఒక మర్యాద జరిగింది. 1975 ఏప్రిల్ 26న లాస్ ఏంజెలెస్ స్పోర్ట్స్ అరీనాలో మిలార్డ్ పట్టిన పింక్ ఫ్లాయిడ్ కచేరీని, ఆ బృందమే 2025లో ‘విష్ యు వర్ హియర్’ యాభై ఏళ్ల సంచికలో అధికారికంగా చేర్చింది. స్టీవెన్ విల్సన్ చేత శబ్దం శుభ్రం చేయించి మరీ. వేదిక దగ్గరికి వస్తే పట్టుకోవాలనుకున్న మనిషి టేపును వాళ్లే పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. లెడ్ జెపెలిన్ కూడా ఎప్పుడో ఆ పని చేస్తుందేమో. పీటర్ గ్రాంట్ 1995లోనే పోయాడు కనుక పగలగొట్టేవాళ్లు లేరు.

ఈ టేపుల లోకంలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే చాలామంది 1977 చూపిస్తారు. నేను 1970 సెప్టెంబర్ 4 నాటి బ్లూబెర్రీ హిల్ అంటాను. శబ్దం అంత బాగుండదు. మొదటి పాట ‘ఇమిగ్రెంట్ సాంగ్’. ఈ రోజు ఆ పాట ఎక్కడ మొదలైనా తొలి రెండు సెకన్లలోనే జనం గుర్తుపట్టి కేకలేస్తారు. ఆ రాత్రి ఫోరంలో ఎవరికీ ఆ పాట తెలియదు, ఆల్బమ్ రావడానికి ఇంకా నెల రోజులుంది. వాళ్లు గుర్తుపట్టి అరవడం లేదు, అప్పుడే మొదటిసారి వింటున్నారు. వాల్యూమ్ కొంచెం ఎక్కువే పెట్టుకోండి. ఇంట్లోవాళ్లు “ఏమిటా గోల” అంటే లాస్ ఏంజెలెస్ జనం గోల అని చెప్పండి, నమ్మితే నమ్ముతారు.